ఎదురు సాలు

మిరపచేలో రెబ్కా మాటకి తిరుగులేదు. ఈదులగుంట పల్లెలో ఇరవై ఇద్దరు ఆడవాళ్ళ కూలి ముఠాకి ఆమె మేస్త్రి. పొద్దున్నే ఆరింటికి చర్చి గేటు దగ్గర నిలబడి ఒక్క కేక వేసిందంటే, జడ వేసుకుంటున్నవాళ్ళు సగం జడతోనే వచ్చి ఆటో ఎక్కాలి. ఆమె నోటికి రైతులు జంకుతారు, ఆటోవాడు జంకుతాడు, పాస్టరు ఎలీషాగారు కూడా కాస్త జంకుతారని ఊళ్ళో ఒక మాట ఉంది. నలభై ఏడేళ్ళ మనిషి. మొగుడి పాత చొక్కా చీర మీద తొడుక్కుని, తలకి తువ్వాలు బిగించి చేలో దిగిందంటే సాయంత్రం దాకా నడుము ఎత్తేది లేదు.

ఆ ముఠాకి ఒక పద్ధతి ఉంది. దాన్ని ఎదురు అంటారు. మిరపకోతలో మనిషికో సాలు. అందరూ ఒక గట్టు దగ్గర మొదలుపెట్టి అవతలి గట్టు దాకా కోసుకుంటూ పోతారు. ముందుగా అయిపోయినవాళ్ళు గట్టెక్కి కూర్చుని ఆకూవక్కా నమలడం ఏ ఊళ్ళోనైనా ఉన్నదే. రెబ్కా దగ్గర ఆ పప్పులుడకవు. ముందు అయిపోయిన మనిషి, వెనకబడినామె సాల్లో అవతలి కొసన దిగి, కోసుకుంటూ ఆమెకి ఎదురు రావాలి. ఇద్దరూ మధ్యలో కలవాలి. పసిబిడ్డ తల్లి వెనకబడుతుంది, జ్వరం పడి లేచినామె వెనకబడుతుంది, మోకాళ్ళ నొప్పుల ముసలమ్మ ఎటూ వెనకబడుతుంది. ఎవరు వెనకబడినా తలెత్తి చూస్తే ఎదురుగా తువ్వాలు చుట్టిన తల ఒకటి కనపడాలి. చుట్టుపక్కల పది ఊళ్ళలో ఇంకే ముఠాకీ ఈ పద్ధతి లేదు. అదంటే వాళ్ళకి భలే గర్వం.

అయితే ఈ పద్ధతికి రెబ్కాయే ఒక కట్టుబాటు పెట్టింది. ఎదురు మన ముఠాకే, బయటివాళ్ళకి లేదు. నాలుగేళ్ళ కిందట ఆదోని వైపు నుంచి వలస ముఠాలు దిగడం మొదలైనప్పుడు పెట్టిన కట్టుబాటు అది. పెట్టదా మరి! అంతకుముందు ఏడాదే రైతులతో తగువు పెట్టుకుని, రెండు రోజులు చేలోకి దిగకుండా కూర్చుని, కూలి పెంచించింది. ఆ పెంపు వంటబట్టకముందే రైతులు లారీలు పంపించి, నాలుగు వందల కిలోమీటర్ల అవతల నుంచి తక్కువ కూలికి మనుషుల్ని దింపారు. కడుపు మండదా? మండింది. రైతుల మీద చూపించాల్సిన మంట వచ్చినవాళ్ళ మీద చూపించింది. రైతు ఎదురుగా కుర్చీలో ఉంటాడు, వీళ్ళు పక్క సాల్లో ఉంటారు. పక్కనున్నవాళ్ళ మీద విసుక్కోవడం తేలిక కదా!

పోయిన ఏడు మార్చిలో బుల్లయ్యగారి ఆరెకరాల చేలో రెండు ముఠాలూ పక్కపక్కన పడ్డాయి. మూడో కోత. నెలాఖర్లో వానలున్నాయని ఫోన్లలో రోజూ వస్తోంది. కల్లంలో కాయ తడిస్తే బుల్లయ్యగారి గుండె ఆగుతుంది, అందుకని రెండు ముఠాల్నీ ఒకేసారి దింపాడు. మధ్యలో నీళ్ళ బోదె. బోదెకి ఇటు పల్లెవాళ్ళు, అటు ఆదోనివాళ్ళు. నాలుగు రోజులు గడిచినా ఇటు నుంచి అటు ఒక్క పలకరింపు లేదు. దగ్గులు మాత్రం రెండు వైపులా ఒకేలా వినపడుతున్నాయి. మిరప ఘాటుకి ఊరూ పేరూ తెలియదు.

ఐదో రోజు మధ్యాహ్నం రెబ్కా బోదెలో చేతులు కడుక్కుంటుంటే అవతలి గట్టు మీద నుంచి ఒక పిల్ల పలకరించింది. పదేళ్ళుంటాయి. మోకాళ్ళ దాకా వేళ్ళాడే మగవాళ్ళ చొక్కా, చేతిలో నీళ్ళ డబ్బా.

"పెద్దమ్మా, నీకు సదువొస్తాదా?"

"రాదు. ఏం?"

"ఈ డబ్బా మీద ఏమో రాసిండాది. 'పిల్లలకు దూరంగా ఉంచవలెను' అని ఉండాది." పిల్ల వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం చూపించింది. "మరి దీంట్లో నీళ్ళు మేము తాగొచ్చునా?"

రెబ్కా డబ్బా వంక చూసింది. పురుగుమందు డబ్బా. కడిగి నీళ్ళు పోసి ఇచ్చారు, ఎవరిచ్చారో అడగక్కర్లేదు. అటు పదిహేను జతల మనుషులు నాలుగు రోజులుగా ఆ నీళ్ళే తాగుతున్నారు, తను బోదెకి ఇటు కూర్చుని ఊళ్ళో ప్లాంటు నుంచి తెచ్చుకున్న చల్లటి నీళ్ళు తాగుతోంది. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. సిగ్గేస్తే రెబ్కాకి కోపం వస్తుంది, కోపం వస్తే కాళ్ళు నడుస్తాయి. డబ్బా లాక్కుని కల్లం దగ్గరికి పోయి బుల్లయ్యగారి కుర్చీ ముందు దబ్బున పడేసింది.

"బాబాయిగారూ, ఈ నీళ్ళు ముందు మీరో గ్లాసు తాగండి. తర్వాత వాళ్ళు తాగుతారు."

మర్నాటి నుంచి అవతలివైపుకి కూడా ప్లాంటు నీళ్ళ టిన్నులు వచ్చాయి. ఆ పిల్ల పేరు మహాదేవి అని రెబ్కాకి అప్పుడే తెలిసింది.

అవతలి ముఠాలో లెక్క మనుషుల్లో ఉండదు, జతల్లో ఉంటుంది. మొగుడూ పెళ్ళామూ కలిస్తే ఒక జత. జతకి రోజుకి నాలుగు సాళ్ళు, పొద్దుగూకేలోపు పూర్తి కావాలి. మహాదేవి తల్లి ఉరుకుందమ్మ మొగుణ్ణి ఎద్దు పొడిచింది, అతను ఇంట్లో మంచం మీద ఉన్నాడు. అందుకని ఆమె జతలో రెండో మనిషి ఆ పదేళ్ళ పిల్లే. తొడిమ ఊడకుండా బొటనవేలి గోటితో గిల్లి కోయడం పెద్దవాళ్ళకే వారం పడుతుంది. తొడిమ ఊడిన కాయకి ధర పలకదు కాబట్టి ఊడితే తిట్లు తప్పవు. ఆ పిల్ల రెండు రోజుల్లో నేర్చేసుకుంది. నేర్చుకుని ఊరుకుందా అంటే అదీ లేదు. గోనె సంచుల మీద అచ్చు, లారీ మీద రాత, వేరుశనగలు కట్టిచ్చిన కాగితం, కంటికి ఏది ఆనితే అది పైకి చదువుతూ కోస్తుంది.

ఆ పిల్ల కోసం రోజూ మధ్యాహ్నం అన్నాల వేళకి ఒక స్కూటీ వచ్చేది. ఊరి బడి టీచరు నసీమున్నీసా. బడిలో పిల్లల అన్నాలు అవ్వగానే హెల్మెట్ పెట్టుకుని కల్లాల వెంట పడుతుంది. జనవరి నుంచి అలా తిరిగి తిరిగి, వలస వచ్చినవాళ్ళ పిల్లల్ని పదకొండు మందిని బళ్ళో కూర్చోబెట్టింది. మహాదేవిని మాత్రం తీసుకుపోలేకపోయింది, జతలో సగాన్ని ఎవరు వదులుతారు? అందుకని తనే చేలోకి వచ్చి గట్టు మీద అరగంట చెప్పిపోయేది. మొదట్లో రెబ్కా "ఈవిడకి పనీపాటా లేదా" అనుకుంది. పదో రోజుకి స్కూటీ చప్పుడు ఐదు నిమిషాలు ఆలస్యమైతే రోడ్డు వంక చూడటం మొదలుపెట్టింది. పైకి మాత్రం ఎవరితోనూ అనలేదు.

ఒక శుక్రవారం టీచరు సరాసరి రెబ్కా దగ్గరికే వచ్చి కూర్చుంది.

"రెబ్కాగారూ, మీతో ఒక పని పడిందండీ. మహాదేవికి గురుకులం ప్రవేశ పరీక్షకి దరఖాస్తు పెట్టాను. హాల్ టికెట్టు వచ్చింది. సీటు వస్తే ఇంటర్ దాకా అక్కడే ఉండి చదువుకోవచ్చు, తిండీ బట్టా వాళ్ళదే. ఎల్లుండి ఆదివారం పదింటికి ప్రత్తిపాడు హైస్కూల్లో పరీక్ష."

"మంచిదేగా. రాయమనండి."

"వాళ్ళ మేస్త్రి ఈరన్న పంపనంటున్నాడు."

టీచరు వెంట ఉరుకుందమ్మతో పాటు ఈరన్న కూడా వచ్చాడు. చెడ్డవాడేం కాదు, చెడ్డవాడైతే రెబ్కాకి పని తేలికయ్యేది. చేతులు కట్టుకుని నిలబడి చెప్పాడు. "ఏమి సేయాలక్కా! సోమవారం మమ్మల్ని ఇంకో ఊరి సేనుకి పిల్సకపోను లారీ వస్తాది. ఆదివారం సేను ఐపోవాల. ఒక జతని ఇడిస్తే పదైదు జతలూ అడుగుతాయి. నాలుగు సాళ్ళూ కోసిస్తే ఆ పాపని నేనే భుజాన ఎత్తుకోనిపోయి దించొస్తా. కోయకపోతే జత తెగినట్లే. వాళ్ళని పక్కన పెట్టి వేరే జతని తెచ్చుకుంటా."

ఉరుకుందమ్మ తల వంచుకుని నేల గీస్తోంది. "బిడ్డ సదువుకుంటే నాకు మాత్రం కానిదా అక్కా! పక్కన పెడితే ఇంకా నెల దినాలు పని పోతాది. ఆయప్పకి మందులు యాడినుంచి తేవాల?"

టీచరు రెబ్కా వంక చూసింది. "మీ ముఠాలో ఎదురు అని ఉందట కదండీ?"

అదీ సంగతి! అడగకూడని మాట అడిగేసింది. ఎదురు బయటివాళ్ళకి లేదు. పైగా ఆదివారం. పల్లె ముఠా ఆదివారం చేలోకి దిగి ఎరుగదు, బుల్లయ్యగారు బంగారం పోస్తానన్నా దిగదు. ఆ రెండు కట్టుబాట్లలో ఒకటి దేవుడిది, రెండోది రెబ్కాది. ఆమె లేచి తన సాల్లోకి పోయింది.

ఆ రోజూ, మర్నాడూ చేతులు కోస్తున్నాయే గాని మనసు కాయ మీద లేదు. శనివారం సాయంత్రం ఆటో దిగాక, చర్చి గేటు దగ్గర ముఠాని నిలబెట్టి విషయం చెప్పింది. రేపు అటువైపు జతకి ఎదురు పోదాం, ఒక్కరోజు, ఆ పిల్ల పరీక్ష కోసం. మాట పూర్తి కాలేదు, దీనమ్మ ఒంటికాలి మీద లేచింది.

దీనమ్మ ముఠాలో అందరికంటే పెద్దది, అందరికంటే వేగంగా కోసేది కూడాను. నోట్లో నువ్వుగింజ నానదు. "ఏమే రెబ్కా, నీకేమన్నా పిచ్చెక్కిందా? మన కూలి మీద మన్ను పోసినోళ్ళకి ఆదివారం పూట ఆరాధన మానేసి ఎదురెళ్ళాలా? కన్నతల్లే నోరు మెదపట్లేదు. కందకి లేని దురద కత్తిపీటకెందుకంట? ఎదురు బయటోళ్ళకి లేదని చెప్పింది ఎవురు? నువ్వు కాదూ?"

"నేనే."

"మరి? మన పల్లె పద్ధతి అది. మా అత్తల కాడి నుంచీ వస్తన్నది. ఊళ్ళెంట తిరిగేవాళ్ళకి పంచిపెడతానంటే ఊరుకునేది లేదు."

రెబ్కాకి ఒళ్ళు మండింది. ముప్ఫయ్యేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట, మొగుడికి కూడా సగమే చెప్పిన మాట, ఆ మంటకి బయటికొచ్చేసింది.

"మీ అత్తల కాడి నుంచా వదినా? బాగా గుర్తు చేసుకో. నేను కాపురానికి రాకముందు మీ ముఠాలో ఎదురుందా?"

దీనమ్మ వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెట్టుకుంది. లేదు. ముసలమ్మలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. నిజమే, లేదు.

"నేనే తెచ్చా. నాదీ కాదు అది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా దర్శిలో చుక్క వాన లేదు. మా అమ్మ నన్ను వెంటబెట్టుకుని రేపల్లె వైపు ఊడుపులకి పోయింది. ఆ పిల్ల ఇప్పుడెట్టా ఉందో నేనూ అట్టాగే ఉన్నా. మాకు గొడ్ల చావిట్లో మకాం. ఆ ఊరి ఆడోళ్ళు మాతో మాట్లాడేవాళ్ళు కాదు, మేం వచ్చి వాళ్ళ కూలి పడగొట్టామని. ఒకనాడు అమ్మకి ఒళ్ళు కాలిపోతోంది. అందరూ మడి దాటిపోయారు, అమ్మా నేనూ నీళ్ళల్లో మిగిలాం. తలెత్తి చూస్తే ఎవరో ముసలామె, ఆ ఊరామే, అవతలి గట్టు దగ్గర మళ్ళీ నీళ్ళల్లోకి దిగి మాకెదురు నాటుకుంటా వస్తోంది. దగ్గరికొచ్చి మా అమ్మతో 'కాసేపు నడుం ఎత్తుకోవే' అంది. అంతే. పేరు కూడా చెప్పలా."

రెబ్కా తువ్వాలు విప్పి భుజాన వేసుకుంది. "వలస పిల్లనని చెప్పుకోడానికి సిగ్గుపడి ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నా. మీరు మీ పద్ధతంటే సరేననుకున్నా. పైగా బయటోళ్ళకి లేదని నేనే గీత గీశా. ఆ ముసలామె కూడా అట్టాగే గీసుంటే మీకు ఎదురనేదే లేదు. వచ్చేవాళ్ళు రండి, రానివాళ్ళు మానండి. నేను మాత్రం పోతన్నా."

దీనమ్మ కొంగు దులుపుకుని ఇంటికి పోయింది. ఆమె వెనకే ఒక్కొక్కరూ పోయారు.

ఆదివారం తెల్లారేసరికి రెబ్కా చేలో ఉంది, ఒక్కతే. కాపురానికి వచ్చాక ఆమె ఆరాధన మానడం అదే మొదలు. ఆశ్చర్యమేమంటే మహాదేవి అంతకుముందే సాల్లో ఉంది. తలకి నూనె రాసుకుని, రెండు జడలేసుకుని, టీచరు ఇచ్చిన నీలం గౌను మీద ఆ మగచొక్కా తొడుక్కుని చకచకా కోస్తోంది.

"ఏయ్, నువ్వేంటి ఇక్కడ?"

"టీచరమ్మ ఎనిమిదిన్నరకి వస్తాది పెద్దమ్మా. అంతలో నా సాల్లో కొంచం తగ్గిస్తా. అమ్మ ఒక్కతే ఐపోతాది."

రెబ్కా ఆ పిల్ల చేతిలో సంచి లాగి పక్కన పెట్టింది. చెయ్యి పట్టుకుని బోదె దగ్గరికి లాక్కుపోయి, తను తాగడానికి తెచ్చుకున్న మజ్జిగంతా ఆ పిల్ల చేతుల మీద పోసి, వేలు వేలూ రుద్ది కడిగింది. "కళ్ళు నలుపుకున్నావో పరీక్ష పేపరు కనపడదు. సాయంత్రం దాకా కళ్ళ జోలికి పోమాక. సాలు సంగతి నేను చూసుకుంటా. ఎనకామల చూడకుండా పో."

ఎనిమిదిన్నరకి స్కూటీ వచ్చింది. మహాదేవి వెనక కూర్చుని, మలుపు తిరిగేదాకా వెనక్కే చూసింది.

ఇక మొదలైంది అసలు పని. ఉరుకుందమ్మ రెండు సాళ్ళు, రెబ్కా రెండు సాళ్ళు. రెబ్కా వేగం తక్కువేం కాదు గాని, ఆ రోజు ఈ జతకి పడ్డవి బోదె పక్క సాళ్ళు, కాపు మిగతావాటికి రెట్టింపు, కాయ చిన్న రకం, ఎంత కోసినా సంచి నిండదు. పైగా ముప్ఫయ్యేళ్ళుగా వంగి వంగి అరిగిన నడుము. ఎండ ఎక్కుతున్న కొద్దీ మిగతా పద్నాలుగు జతలూ ముందుకు పోయాయి. పది దాటేసరికి వీళ్ళిద్దరూ మాత్రమే వెనక. రెబ్కా తలెత్తి అవతలి గట్టు వంక చూసింది. ఎర్రగా కాయలు, వాటి వెనక ఇంకా కాయలు. పొద్దుగూకేలోపు ఇది అయ్యేది కాదని ఆమెకి అర్థమైంది. ఇన్నేళ్ళ మేస్త్రిరికం, సాలు చూస్తే వేళ తెలుస్తుంది. ఈరన్నకీ తెలిసింది. గట్టు మీద తలగోక్కుంటూ తిరుగుతున్నాడు.

"అక్కా, నీవు ఇంక ఇడిసిపెట్టు. మాకోసరం నీవెందుకు సస్తావు?" అంది ఉరుకుందమ్మ.

"నోరు మూసుకుని కొయ్యి."

ఊరివైపు నుంచి చర్చి మైకు వినపడుతోంది. ఎలీషాగారి ప్రసంగం. ఆయన మొదలుపెడితే పన్నెండున్నర దాకా ఆపరని పేరు, పసిపిల్లలు ఒక నిద్ర తీసి లేచినా ఆయన ఇంకా రెండో మాట మీదే ఉంటారు. అలాంటిది పదిన్నరకి మైకు ఠక్కున ఆగిపోయింది. కరెంటు పోయినట్టుంది అనుకుంది రెబ్కా.

కరెంటు పోలేదు. లోపల జరిగింది తర్వాత ఆమెకి పదిమంది పదిరకాలుగా చెప్పారు. ప్రసంగం మధ్యలో దీనమ్మ లేచి నిలబడిందట. అయ్యగారు కంగారుపడి ఏమ్మా అంటే, "అయ్యగారూ, రాత్రంతా నిద్ర లేదు నాకు. మీరు తొందరగా ఆమెన్ అనండి, మాకు చేలో పనుంది. లేకపోతే మీరు చెప్పేది మీరు చెప్పుకుంటా ఉండండి, మేం పోతాం" అందట. ఎలీషాగారు పుస్తకం మూసి ఆమెన్ అన్నారు. ఆయన ఊళ్ళోకొచ్చిన పదేళ్ళలో అంత చిన్న ప్రసంగం చెయ్యలేదు.

పావుగంటకి అవతలి రోడ్డు మీద ఆటో ఆగింది. దాని వెనక ఇంకో ఆటో. రెబ్కా నడుము ఎత్తి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. దీనమ్మ! ఆదివారం తెల్లచీర మీద చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ, గట్టు మీద నుంచి చేలోకి దిగుతోంది. ఆమె వెనక ముఠాకి ముఠా. అందరి వెనక పంచె పైకి ఎగ్గట్టుకుని ఎలీషాగారు, చేతిలో ఖాళీ సంచి. వాళ్ళు రెబ్కా వైపు రాలేదు. రావక్కర్లేదు కూడా. అవతలి కొసన నాలుగు సాళ్ళల్లో బారుగా దిగి, వంగి, కోసుకుంటూ ఎదురు మొదలుపెట్టారు.

రెబ్కా ఏడ్చింది. ఘాటుకి అని ఎవరైనా అనుకుంటే అనుకోనీ, ఆమె బాహాటంగానే ఏడ్చింది. ముక్కు చీదుకుని మళ్ళీ వంగింది. ఇప్పుడు చేతులు వాటంతటవే పోతున్నాయి.

పన్నెండు కాలేదు, దీనమ్మ ఉరుకుందమ్మ ఎదురుగా వచ్చి ఆగింది. ఇద్దరి మధ్యా ఒక్క మొక్క. దీనమ్మ ఆ మొక్క కాయలు గబగబా తెంపేసి తన సంచిలో వేసుకుంది.

"కాసేపు నడుం ఎత్తుకోవే," అంది.

ఉరుకుందమ్మ నడుము ఎత్తలేదు. అక్కడే కూలబడి దీనమ్మ కాళ్ళు పట్టుకోబోతే, "ఛీ ఛీ, లే! చీర మాసిపోద్ది, ఆదివారం చీర!" అని కసిరి రెక్క పట్టుకుని లేపింది.

అక్కడితో ఆగిందా? ఆగలేదు. ఎదురుకి అలవాటుపడ్డ మనుషులు గట్టెక్కి కూర్చోలేరు. పక్క జతలో చంటిపిల్ల తల్లి వెనకబడి ఉంటే ఇద్దరు ఆ సాల్లోకి పోయారు. ఆ జత అయిపోగానే మొగుడూ పెళ్ళామూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని, ఎవరూ చెప్పకుండానే ఇంకో జతకి ఎదురెళ్ళారు. ఈరన్న కూడా చొక్కా విప్పి దిగాడు. బోదె ఎప్పుడు దాటారో, ఎవరు దాటారో తెలియదు. పల్లె ముఠా సోమవారం కోయాల్సిన సాళ్ళు కూడా ఆదోనివాళ్ళు మొదలుపెట్టేశారు. ఎవరో పాట ఎత్తుకున్నారు, ఆదోని పాట. పల్లెవాళ్ళకి మాటలు రాకపోయినా అందుకున్నారు. ఎలీషాగారు కోసిన కాయల్లో సగం తొడిమలు ఊడిపోయాయి. "అయ్యగారూ, మీరు పాట పాడండి చాలు" అని దీనమ్మ ఆయన చేతిలో సంచి లాగేసుకుంది.

మూడున్నరకి బుల్లయ్యగారు భోజనం చేసి, ఒక కునుకు తీసి కల్లానికి వచ్చాడు. వచ్చి నిలబడిపోయాడు. ఆరెకరాల్లో ఒక్క పండు కాయ లేదు. రెండు ముఠాలూ కలిసి నీళ్ళ టిన్నుల చుట్టూ కూర్చుని నవ్వుకుంటున్నాయి.

"ఏంటే రెబ్కా ఇది? అందరూ ఏకమైపోయారే! వచ్చే ఏడు కూలి కూడా కలిసే అడుగుతారా ఏంటి కొంపదీసి?"

"అబ్బ, నా నోట్లో మాట లాగేశారు బాబాయిగారూ," అంది రెబ్కా. చేను చేనంతా నవ్వింది.

నాలుగింటికి స్కూటీ వచ్చింది. మహాదేవి దిగుతూనే గట్టు మీదికి పరిగెత్తి, తన సాలు కోసం వెతుక్కుంది. ఆకుపచ్చ తప్ప ఏమీ లేదు. ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసి, అమ్మ వంక చూసి, చివరికి రెబ్కా దగ్గరికి వచ్చింది.

"యెవురు కోసినారు పెద్దమ్మా, నా సాలు?"

"అందరం కోశాం. పరీక్ష ఎట్టా రాశావో అది చెప్పు ముందు."

"అన్నీ రాసినా. ఒక్కటి కూడా ఇడవలేదు." పిల్ల చేతులు రెండూ ముందుకు చాపింది. "కళ్ళు కూడా నలుపుకోలేదు."

రెబ్కా ఆ చేతులు తీసుకుని తన బుగ్గలకి ఆనించుకుంది. ఇంకా మజ్జిగ వాసన వస్తున్నాయి.

*

మే నెలాఖర్లో నసీమున్నీసా టీచరు ఫోను చేసింది. మహాదేవికి సీటు వచ్చింది. రెబ్కా ఆ ఫోను చెవి దగ్గర పెట్టుకునే బజారంతా తిరిగి, ప్రతి గుమ్మం ముందూ ఆ మాట అరిచి చెప్పింది. దీనమ్మ ఇంటి ముందు రెండుసార్లు అరిచింది.

జనవరిలో మళ్ళీ కోతలు వచ్చాయి. ఈసారి రెబ్కా, ఈరన్న కలిసే రైతుల దగ్గరికి పోయారు. రెండు ముఠాలకీ ఒకటే కూలి. రైతులు నసిగారు, గొణిగారు, వాన కబురు రాగానే ఒప్పుకున్నారు. లారీ దిగిన జతల్లో ఉరుకుందమ్మ కూడా ఉంది, నెత్తిన బొరుగుల మూటతో. ఊరి నుంచి పల్లె ముఠా కోసం మోసుకొచ్చింది.

బుల్లయ్యగారి గట్టు మీద ఈరన్న జతల్ని నిలబెడుతున్నాడు. ఉరుకుందమ్మ ఒక్కతే పక్కకి నిలబడింది. మొగుడు ఇంకా పూర్తిగా కోలుకోలేదు, కూతురు గురుకులంలో ఉంది. ఈరన్న తలగోక్కున్నాడు.

"నీకు జత ఎవురు ఉరుకుందమ్మా? జత లేకుంటే యెట్ల?"

రెబ్కా ముందుకు అడుగు వేయబోయింది. ఆమె కంటే ముందే దీనమ్మ పల్లె వరసలోంచి బయటికొచ్చి, తువ్వాలు బిగించుకుంటూ పోయి ఉరుకుందమ్మ పక్కన నిలబడింది.

"కళ్ళు కనపట్టంలా నీకు? నేనే," అంది. "మాకు నాలుగు సాళ్ళు చాలవు. ఐదు రాసుకో."